తుఫాను షెల్టరులో టైపు మేడమ్ గారు

మొన్న మంగళవారం పొద్దున, వేటకు వెళ్ళిన పడవలు ఒడ్డుకు చేరుతున్న వేళ మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, మేడమ్ గారు పోయారంట. నిద్రలోనే" అంది. ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాను. ఒడ్డున చేపల వేలంపాట జరుగుతోంది. అరుపులు, బేరాలు, కాకుల గోల. అంత గోలలోనూ అవతల మా అమ్మాయి ముక్కు ఎగబీల్చుకోవడం నాకు వినబడుతూనే ఉంది.

వేలం ఆపించాను. "మన టైపు మేడమ్ గారు ఇక లేరర్రా" అని చెప్పాను. తట్టలు ఎత్తుకున్న ఆడవాళ్ళు తట్టలు దించేశారు. తడి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నారు. కాసేపటికి ఒక ముసలమ్మ, "ఏదేమైనా బేరంలో మాత్రం ఆవిడ ముందు మనం ఎవ్వరం నిలిచేవాళ్ళం కాదే" అంది. అందరికీ నవ్వొచ్చేసింది. ఏడుస్తూనే నవ్వాం. అప్పటి నుంచీ నాకు ఇదే వరస. ఏడుద్దామని కూర్చుంటాను. ఆవిడ మాట ఏదో గుర్తుకొస్తుంది. ఛాతీ పొంగిపోతుంది.

మాది రేపల్లెకు అవతల, సముద్రం ఒడ్డున పల్లె. తాతల నాటి నుంచీ వేట మీద బతుకుతున్న కుటుంబాలం. నేను ఐదో తరగతితో బడి వదిలి వల పట్టుకున్నవాణ్ణి. రాయడం నాకు అలవాటు లేని పని. అయినా ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నా మనసు కుదుటపడేలా లేదు. పోయినవాళ్ళ గురించి రాస్తూ ఈ ముసలాయన ఇంత సంబరపడుతున్నాడేంటి అని మీరు అనుకుంటే అనుకోండి. నా సంబరమంతా ఆవిడ పెట్టిన భిక్ష. దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు.

మేడమ్ గారు పుట్టింది కొలకలూరులో, వ్యవసాయ కుటుంబంలో. మెట్టింది తెనాలి. అక్కడ ఆవిడకి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టైపు మిషన్ల కాలంలో తెనాలిలో ఎందరో ఆవిడ దగ్గర నేర్చుకుని గుమాస్తాలయ్యారు. ఆ కాలం పోయింది. మిషన్లు పాత ఇనుము కింద అమ్మేసి ఇంటి పట్టున ఉండమని అందరూ చెప్పారట. ఆవిడ మాత్రం అరవై దాటాక, ఒకప్పుడు తన దగ్గరే టైపు నేర్చుకున్న శిష్యుడి దగ్గరకు వెళ్ళి, కుర్రపిల్లల మధ్య బల్ల మీద కూర్చుని కంప్యూటరు నేర్చుకున్నారు. "సిగ్గనిపించలేదా మేడమ్ గారూ?" అని నేను ఒకసారి అడిగాను. "ఎందుకు తమ్ముడూ? అక్షరాలు అవే, వేళ్ళు అవే. ముందున్న డబ్బా మారింది, అంతేగా!" అన్నారు. నన్ను మొదటి నుంచీ తమ్ముడూ అనే పిలిచేవారు.

అసలు ఆవిడ మా పల్లెకు ఎలా వచ్చారో చెబుతాను. మా ఆవిడ ఎండుచేపల తట్టతో రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళి అమ్ముకొచ్చేది. తట్ట పెట్టిన చోట పక్కన కూర్చునేవాళ్ళు తక్కువ. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అవతలికి జరుగుతారు. ఒకరోజు రేపల్లెలో చుట్టాలింటికి వచ్చి తిరిగి వెళ్తున్న మేడమ్ గారు నేరుగా వచ్చి తట్ట పక్కనే కూర్చున్నారు.

"ఏమ్మా, ఎండు రొయ్యలు ఎంతేంటి?"

మా ఆవిడ ధర చెప్పింది. ఆవిడ అందులో సగానికి అడిగారు. ఇద్దరూ వేమూరు దాకా బేరమాడుకున్నారు. బేరం తెగేసరికి స్నేహం కుదిరింది. మా ఆవిడ మనసులో మాట కక్కేసింది. "మా పిల్ల డిగ్రీ ప్యాసై ఇంట్లో కూర్చుందండి. యాడికెళ్ళినా కంప్యూటరు వచ్చా అనే అడుగుతున్నారంట. మా పల్లెలో ఇప్పటిదాకా దాని మొహం చూసినోళ్ళే లేరు."

"మీ పల్లెలో ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నారా?"

"ఇంటికొకతి ఉందండి."

"అయితే కూర్చోడానికి నీడ, ప్లగ్గు పెట్టుకోడానికి కరెంటు ఉన్న చోటు ఒకటి చూసి పెట్టు. వచ్చే వారం నేనే వస్తా" అన్నారట. మా ఆవిడ ఇంటికొచ్చి చెబితే నేను నమ్మలేదు. రైలు మాటలు రైల్లోనే ఉండిపోతాయి అన్నాను. ఆవిడ నిజంగానే వచ్చారు. రేపల్లెలో రైలు దిగి, బస్సు పట్టుకుని, బస్సు దిగిన చోటి నుంచి ఎండలో నడిచి వచ్చారు. చేతిలో గొడుగు, చంకలో నల్ల హ్యాండుబ్యాగు.

అవి వేట నిషేధం రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలోకి వెళ్ళనివ్వరు. మగవాళ్ళంతా ఒడ్డున వలలు బాగు చేసుకుంటూ కూర్చుంటారు. అంటే మాట విసరడానికి ఊరంతటికీ తీరికే. మా పల్లె పెద్ద ఒకాయన అందుకున్నాడు.

"ఏంటమ్మా, మా పిల్లలకి కంప్యూటర్లు నేర్పుతావా? దాంట్లో చేప పడుద్దా?"

"పడదయ్యా. మీ వలలో ఉద్యోగం పడుద్దా?"

జనం గొల్లుమన్నారు. పెద్దాయన వదల్లేదు. "ఆడపిల్లల్నే ఎందుకు పోగేస్తన్నావంట?"

"నిషేధం ఎత్తెయ్యగానే మగపిల్లలు సముద్రం మీదికి పోతే నేను ఈదుకుంటూ పోయి నేర్పాలా? ఎప్పుడూ ఒడ్డునే ఉండేవాళ్ళకి నేర్పుతున్నా. వాళ్ళూ వస్తే వాళ్ళకీ నేర్పుతా. మీరొచ్చినా సరే, ఫీజు లేదు."

పెద్దాయన తల గోక్కుని, "సరే, షెల్టరు తాళం ఇయ్యండ్రా" అన్నాడు.

షెల్టరు అంటే తుఫాను వచ్చినప్పుడు మేమంతా పిల్లాపాపలతో వెళ్ళి తలదాచుకునే సిమెంటు భవనం. మిగతా రోజుల్లో మేకలు పడుకునేవి. మేకల్ని తోలి, ఆడవాళ్ళు కడిగి ముగ్గేశారు. కంప్యూటర్లు తెనాలి నుంచి వచ్చాయి. ఎవరెవరి అటకల మీదో పడి ఉన్న పాతవాటిని ఆవిడ అడిగి తెచ్చి, శిష్యుల చేత బాగు చేయించి, ఒక్కోదాన్నీ రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. పక్కవాళ్ళు ఏంటండీ అది అని అడిగితే, "మా మనవరాలు. రేపల్లె చూపిద్దామని" అనేవారట.

పిల్లలు ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టారు. ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురు. ఒకరు కీబోర్డు, ఒకరు మౌసు, ఒకరు కళ్ళు. కళ్ళ వంతు వచ్చిన పిల్ల దేన్నీ ముట్టుకోకూడదు. మిగతా ఇద్దరూ చేసే పనిలో తప్పు చూసి చెప్పాలి. ఆవిడ చప్పట్లు కొడితే వంతులు మారాలి. "కళ్ళున్న పిల్లే ముగ్గురిలోనూ పెద్ద. దాని మాట వినాలి" అనేవారు.

కరెంటు పోతే క్లాసు ఆపేవారు కాదు. షెల్టరు గచ్చు మీద సుద్దతో పెద్ద కీబోర్డు గీశారు. ఒక్కో అక్షరం ఒక్కో గడి. పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడినట్టు ఒంటికాలి మీద గెంతుతూ తమ పేర్లు టైపు చేయాలి. మొదట్లో డిగ్రీ చదివిన పిల్లలకి సిగ్గేసింది. ఆవిడే కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని గెంతి చూపించారు. తరవాత చూడాలి ఆ సందడి! కిటికీల దగ్గర ఊరంతా పోగయ్యేది. చేప పడుద్దా అని అడిగిన ఆ పెద్దాయన కూడా ఒకరోజు మనవరాలి వెనకాలే గెంతాడు. రెండో అక్షరం దగ్గరే కూలబడి, "నా పేరు పొడుగు, నా వల్ల కాదు" అన్నాడు.

తప్పు కొట్టి ఏడ్చే పిల్లలంటే ఆవిడకి గిట్టేది కాదు. "తప్పు కొట్టావని కంప్యూటరుకే కోపం రాలేదు. మధ్యలో నీకెందుకే?" అనేవారు. ఇంకో మాట ఉండేది. "తెలీదు అని గట్టిగా అనండి. మెల్లగా అంటే ఎవ్వరూ నేర్పరు." మా అమ్మాయి ఇప్పటికీ ఆ మాట వల్లిస్తుంది.

ఒకరోజు క్లాసు అయ్యాక మేము అలివి వల లాగడం చూశారు ఆవిడ. అది చాలా పెద్ద వల. పడవతో సముద్రంలో చుట్టి వచ్చి, రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఒడ్డు నుంచి ఊరంతా లాగుతాం. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ వాటా. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నవాడికీ ఒక వాటా వెళ్తుంది. ఎవరు ఎంత బలంగా లాగారని అడగం. వాటాలు వేసే మనిషిని మేమే ఎంచుకుంటాం. ఆ మనిషి కుప్పలు పెట్టి, ఒక్కొక్కరినీ కేకేసి ఇచ్చి, అందరూ తీసుకున్నాక చివరికి మిగిలింది తను తీసుకోవాలి. అదీ మా కట్టుబాటు. ఆ రోజు ఆవిడకి కూడా ఒక వాటా పెట్టారు.

"నేను తాడు పట్టుకోలేదుగా తమ్ముడూ!"

"చూశారు గదండీ. చాలు" అన్నాను.

ఆవిడ చేపల్ని చూస్తూ కాసేపు నిలబడ్డారు. "మా వైపు ఇది లేదయ్యా. పొలం గట్టు అంగుళం జరిపి కోర్టుకెక్కిన అన్నదమ్ముల్నే చూశా నేను" అన్నారు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, ఈ కట్టుబాటే బాపట్లలో మా పిల్లల కొంప ముంచబోయింది.

విజయవాడలో ఒక కంపెనీ ఉంది. ఫోనుల్లో వాడే యాప్‌లు జనంలోకి రాకముందే వాటిలో తప్పులు పట్టే పని చేస్తారు వాళ్ళు. దాన్ని టెస్టింగ్ అంటారు. మేడమ్ గారు ఆ కంపెనీ చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించారు. "సముద్రం ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు మా ఆఫీసులో ఒక్కరూ లేరండి. చూద్దాం" అన్నారట. బాపట్లలో ఒక కాలేజీలో పరీక్ష పెట్టారు. అందులో నెగ్గినవాళ్ళకి ఉద్యోగం.

మా అమ్మాయికి అది చావో రేవో. చదువైపోయి అప్పటికే చాలాకాలం అయింది. ఇది కుదరకపోతే రొయ్యలు వొలిచే షెడ్డులో చేరిపోతానని తనే చెప్పేసింది. మేస్త్రీకి మాట కూడా ఇచ్చేసింది. ఆ పనేంటో నాకు తెలుసు. పొద్దస్తమానం ఐసులో చేతులు. మా అక్క ఆ పని చేసీ చేసీ వేళ్ళు వంకర్లు పోయి, అన్నం ముద్ద కూడా సరిగా పట్టుకోలేని స్థితికి వచ్చింది. మా పిల్ల వేళ్ళకి ఆ గతి పట్టకూడదు దేవుడా అని నేను మొక్కని రోజు లేదు.

ఆ రోజు చేపలు తోలే చిన్న ట్రక్కుని సబ్బు పెట్టి కడిగి, పిల్లలందరినీ ఎక్కించి, కర్లపాలెం మీదుగా బాపట్ల తీసుకెళ్ళాను. దిగగానే పిల్లలు ఒకరి జడ ఒకరు వాసన చూసుకోవడం మొదలెట్టారు. "ఒసే, నీ దగ్గర సావిడాయ చేప వాసనే!" "నీది మాత్రం మల్లెపూలా? కానాగంతలే!" ఇదే గోల. మేడమ్ గారు తెనాలి నుంచి రైల్లో వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "వాసనకి మార్కులుండవు, పదండి" అని లోపలికి తోలారు.

కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరిలో కళ్ళజోడు పెట్టుకున్నాయన పెద్ద. ఆయన మంచివాడే. పిల్లలు భయపడకూడదని, "పరీక్ష అనుకోవద్దు. మా ఆఫీసులో పని చేస్తున్నట్టే చేయండి" అని చెప్పారు. బస్సు టిక్కెట్లు అమ్మే యాప్ ఒకటి అందరికీ ఇచ్చారు. అందులో కావాలని కొన్ని తప్పులు పెట్టారు. అవి వెతికి కంప్యూటర్లో రాయాలి. అంతా చెప్పి, ఇద్దరూ టీ తాగడానికి పక్క గదిలోకి వెళ్ళారు. మేడమ్ గారూ నేనూ వరండాలో కూర్చున్నాం.

ఉన్నట్టుండి లోపలి నుంచి సంత గోల వినిపించింది. కళ్ళజోడు సారు పరుగున వెళ్ళారు. వెనకాలే మేమూ వెళ్ళాం. గది మధ్యలో మా అమ్మాయి నిలబడి ఉంది. ఒక్కొక్కరినీ కేకేసి పిలుస్తోంది.

"నిన్నటి తారీకుకి కూడా టిక్కెట్టు ఇచ్చేత్తంది, అందరూ రాసుకోండి. ఎదురింటిదానా, నీకు ఒక్కటీ దొరకలేదంటివే, ఇదిగో ఇది రాసుకో. మనుషులు సున్నా అని కొట్టినా డబ్బులు అడుగుతంది. ఇంకెవరికి అందలేదు? చెయ్యెత్తండి!"

మేము వచ్చినా ఆపలేదు. ఇంకా గట్టిగా చెబుతోంది! సారు నిర్ఘాంతపోయారు.

"ఏంటమ్మా ఇది? పట్టపగలు కాపీయా?"

"కాపీ కాదండి. మీరు పనిలాగా చేయమన్నారు గదండి. అందరం కలిసి పట్టాం. పంచుకుంటన్నాం" అంది.

"ఎవరు పంచమన్నారు?"

"ఎవరూ అనలేదండి. వాటాలు నేనే వేశానండి" అంది, పొరపాటు జరిగిందని ఇంకా తెలీక.

సారు పక్కాయనతో ఇంగ్లీషులో ఏదో మాట్లాడుకుని చెప్పారు. పోనీలే పాపమని మిగతావాళ్ళకి మధ్యాహ్నం వేరే పరీక్ష పెడతారట. జవాబులు చెప్పిన పిల్లను మాత్రం కూర్చోనివ్వరట. అది వాళ్ళ కంపెనీ రూలట.

మా అమ్మాయి మొహం అప్పుడు తెల్లబోయింది. ఎదురింటి పిల్ల లేచి నిలబడింది. "దానికి లేకపోతే మాకూ వద్దండి." ఆ వెంటనే మిగతా పిల్లలంతా లేచారు.

మేడమ్ గారు ఉరిమినట్టు అరిచారు. "కూర్చోండే నోరు మూసుకుని! ఒకత్తి మునుగుతుంటే అందరూ కలిసి మునగడానికా నేను ఇన్నాళ్ళు రైలెక్కి వచ్చింది?"

పిల్లలు ఠక్కున కూర్చున్నారు. ఆవిడ చీర కొంగు సర్దుకుని సారు దగ్గరకు వెళ్ళారు. గొంతు మారిపోయింది. చాలా నెమ్మదిగా మాట్లాడారు.

"బాబూ, మీ అమ్మ వయసుదాన్ని. ఒక్క మాట వింటారా? పరీక్షలో పంచుకోవడం తప్పే. కాదనను. ఆ తప్పులో సగం నాది. ముగ్గురికో కంప్యూటరు పెట్టి నేర్పింది నేను. విడివిడిగా కూర్చోవడం వీళ్ళకి నేను నేర్పలేదు. కానీ ఒకటి చూడండి. దొంగపని అయితే మనం రాగానే ఆపేవాళ్ళు కారా? అలా కేకలేసి ఎవరన్నా కాపీ కొడతారా?"

"అది సరేనండి, కానీ రూలు..."

"ఇంకొకటి కూడా చూడండి బాబూ. రండి" అని ఆయన్ని మా అమ్మాయి కూర్చున్న చోటికి తీసుకెళ్ళారు. మిగతా అందరి కంప్యూటర్లలోనూ బారుగా రాసి ఉంది. మా అమ్మాయి దాంట్లో రెండు వరసలే ఉన్నాయి.

"నువ్వెందుకు రాసుకోలేదమ్మా?" అని సారు అడిగారు.

మా అమ్మాయి తల వంచుకుంది. "వాటాలు వేసినోళ్ళు చివరాఖర్న తీసుకోవాలి గదండీ. నా దాకా రాలేదు."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. "సరే, ఈ తప్పుల్లో నువ్వు పట్టినవి ఏవి?"

"రెండేనండి. నిన్నటి తారీకుది నాది. పేరు లేకుండానే టిక్కెట్టు ఇచ్చేది నాది. సున్నా మనుషులది ఆ మూలపిల్లది. వెనక్కి నొక్కితే అంతా చెరిగిపోయేది, అదిగో, రెండు జడల పిల్లది. ఎదురింటిది ఏమీ పట్టలేదండి. కానీ మేము పట్టినవన్నీ అదే మళ్ళీ చేసి చూసి, నిజమేనని చెప్పింది" అంటూ ఎవరు ఏది పట్టారో తడుముకోకుండా అప్పజెప్పింది. ఒక్కటి కూడా తన ఖాతాలో ఎక్కువ వేసుకోలేదు. సారు మిగతా పిల్లల వైపు చూశారు. అందరూ అవునన్నట్టు తలలూపారు.

ఆయన చేతిలో కాగితం మీద ఏదో రాసుకున్నారు. చివరికి, "మధ్యాహ్నం అందరూ రండి. ఈ అమ్మాయి కూడా. మాట్లాడుకుంటే మాత్రం ఈసారి నేను చేసేదేమీ లేదు" అన్నారు.

మేడమ్ గారు పిల్లల్ని వరండాలోకి తీసుకొచ్చి, "ఇప్పుడు ఎవరి పడవ వాళ్ళదే. పక్క పడవ మునిగినా చూడకూడదు. మళ్ళీ ఒడ్డుకొచ్చాక అందరూ ఒకటే. అర్థమైందా?" అన్నారు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పిల్లలకి పెట్టారు. తను మాత్రం మెతుకు ముట్టలేదు. మధ్యాహ్నం పరీక్ష జరుగుతున్నంతసేపూ వరండాలో నా పక్కనే కూర్చుని, ఒళ్ళో బ్యాగు మీద వేళ్ళతో టైపు కొడుతూనే ఉన్నారు. "ఏం రాస్తున్నారండీ?" అంటే, "నాకూ తెలీదు తమ్ముడూ. వేళ్ళు ఊరుకోవట్లా" అన్నారు.

సాయంత్రం పేర్లు చదివారు. ఒక్కో పేరుకీ పిల్లలు ఎగిరి గెంతుతున్నారు. పేర్లు వస్తున్నాయి, పోతున్నాయి. మా అమ్మాయి పేరు రాలేదు. ఎదురింటి పిల్ల పేరూ రాలేదు. మా అమ్మాయి గోడ వైపు తిరిగిపోయింది. సారు కాగితం మడవబోయి ఆగి, ఇంకొక పేరు చదివారు.

మా పిల్లదే!

మేడమ్ గారు నా భుజం మీద ఒక్క దెబ్బ వేశారు. "వాటాలు వేసినోళ్ళు చివర తీసుకోవాలిగా తమ్ముడూ!" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు. వెంటనే, పేరు రాని ఎదురింటి పిల్ల, ఇంకో పిల్ల దగ్గరకు వెళ్ళి, చెరొక చెయ్యీ పట్టుకుని, "సోమవారం క్లాసుంది. ఆలస్యంగా వస్తే ఊరుకోను" అన్నారు.

ఇప్పుడు మా అమ్మాయి విజయవాడలో అదే కంపెనీలో ఒక జట్టుకి పెద్ద. ఎవరు ఏ పని పట్టారో, ఎవరికి ఏది అందలేదో చూసుకోవడమే తన ఉద్యోగం. నా కూతురి వేళ్ళు చక్కగా, నిటారుగా ఉన్నాయండీ! పండక్కి వచ్చినప్పుడు ఆ చేతులు పట్టుకుని చూసుకుంటూ కూర్చుంటాను. "ఏంటి నాన్నా ఇది" అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఆ కళ్ళజోడు సారు ఇప్పుడు మా ఒడ్డు పల్లెలకు వస్తే పొద్దున విడివిడిగా, మధ్యాహ్నం కలిపి, రెండు రకాలుగా పరీక్ష పెడుతున్నారు. ఇక ఆ రోజు పేరు రాని మా ఎదురింటి పిల్ల తరవాతి ఏడాది నెగ్గింది. నెగ్గి కూడా ఉద్యోగానికి వెళ్ళలేదు. మేడమ్ గారికి మోకాళ్ళు సహకరించని దగ్గర నుంచీ షెల్టరు క్లాసు అదే నడుపుతోంది. ఆ పిల్ల క్లాసులో ఇప్పుడు మగపిల్లలూ ఉన్నారు.

మొన్న తెనాలిలో ఆవిడ ఇంటి ముందు సందు నిండిపోయింది. విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి, ఎక్కడెక్కడి నుంచో మా పిల్లలు ఆఫీసు కార్డులు మెళ్ళో ఉండగానే వచ్చేశారు. పక్కింటి పెద్దావిడ ఆశ్చర్యపోయి, "ఎవరమ్మా వీళ్ళంతా? ఏ ఆఫీసు వాళ్ళు?" అని అడిగింది. మా ఆవిడ ఏడుస్తున్నదల్లా తలెత్తి, వీధి వీధంతా వినబడేలా, "ఆఫీసులు వేరండీ! అందరూ మా పల్లె పిల్లలే!" అంది. చావింట్లో అంత గట్టిగా మాట్లాడొచ్చా అని నేనేమీ అనలేదు. మేడమ్ గారు ఉంటే ఇంకా గట్టిగా చెప్పమనేవారు.

ఆవిడ ఫోటో ముందు దీపం పెట్టారు. ఫోటోలో ఆవిడ నెమ్మదిగా, బుద్ధిగా కూర్చుని ఉన్నారు. నాకు తెలిసిన మనిషి అలా ఉండరు. నాకు కళ్ళు మూస్తే కనబడే ఆవిడ వేరు.

బాపట్లలో పేర్లు చదివిన ఆ సాయంత్రం, పిల్లలు అప్పుడే ఇంటికి వెళ్ళం అన్నారు. సూర్యలంక వెళ్దామన్నారు. పుట్టిన దగ్గర నుంచీ సముద్రం పక్కనే ఉన్న పిల్లలకి మళ్ళీ సముద్రం ఏంటి అంటే వినలేదు. మేడమ్ గారిని కూడా ట్రక్కు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయాం. దిగీదిగగానే పిల్లలు వేసుకున్న మంచి బట్టలతోనే నీళ్ళలోకి ఉరికారు. మేడమ్ గారు చెప్పులు విడిచి, చీర మోకాళ్ళ పైకి ఎత్తి దోపుకుని వాళ్ళ వెనకే దిగారు.

"లోపలికి పోకండే! మునుగుతారే! ఒసే, నీకే చెప్పేది, ఇటు రా!" అని అరుస్తున్నారు. నడక కన్నా ముందు ఈత నేర్చిన పిల్లలు వాళ్ళు. "మేడమ్ గారూ, మీరే మునిగేట్టున్నారు, ఎనక్కి రండి!" అని నేను ఒడ్డు నుంచి కేకేశాను. వినిపించుకోలేదు. ఒక పెద్ద అల వచ్చి ఆవిణ్ణి నడుము దాకా తడిపేసింది. తూలారు గానీ వెనక్కి రాలేదు. హ్యాండుబ్యాగు ఒక చేత్తో తల మీద పెట్టుకుని, రెండో చేతి వేలు చూపిస్తూ, నీళ్ళలో తేలుతున్న తలల్ని, పేరు వచ్చినవాళ్ళవీ రానివాళ్ళవీ, లెక్కపెడుతూ నిలబడ్డారు. ఒక అల రాగానే లెక్క తప్పేది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు.